చీర రంగు

వరహాలు గారి బడ్డీలో నవల రోజుకి అర్ధరూపాయి.
అట్టకి ఖాకీ కాగితం, లోపల ఎవరివో నూనె వేళ్ళు,
ఆఖరి పేజీ ఎప్పుడూ ఉండేది కాదు.
అడిగితే, "అంతవరకూ చదివినోళ్ళకి అదొక లెక్కా" అనేవాడు.

అమ్మ రొయ్యల షెడ్డు నుంచి వచ్చి
నిమ్మచెక్కతో వేళ్ళు రుద్దుకుంటూ
జాలరిపేట మెట్ల మీద కూర్చునేది.
వీధి దీపం వెలిగితే నేను చదవాలి.

"ఆమె కిటికీ దగ్గర నిలబడింది."
"ఏ రంగు సీర?"
రాయలేదమ్మా.
"మరా రాసినోడు ఏటి సూసినాడ్రా?"

పదకొండు పేజీలు ఆమె అక్కడే ఉంది.
ఈలోగా ఆమె చిన్నతనం అయిపోయింది, ఒక పెళ్ళి తప్పిపోయింది,
చించేసిన ఉత్తరం ఒకటి మళ్ళీ అతుక్కుంది,
కిటికీ ఊచ తుప్పు అరచేతికి అంటింది.
ఆ తుప్పు వాసన నాకు వచ్చింది, ఒట్టు.
అమ్మ ఆవులించింది.
"ఇంకా అక్కడే నిలబడున్నాదేటి? కాళ్ళు పీకనేదా దానికి?"

ఆ కథే సినిమాగా వచ్చింది.
జగదాంబ సెంటర్ దాటాక హాలు, నేల టికెట్టు, నాలుగో వరస.
తెర మీద మా సముద్రమే, మా లైట్‌హౌస్ కొండే,
ఊరి పేరు మాత్రం ఇంకేదో పెట్టారు.
కిటికీ వచ్చింది. ఆమె వచ్చింది. నేరేడుపండు రంగు చీర.
గాలికి పమిట ఒకసారి లేచింది,
వయొలిన్లు నాలుగైదు కలిసి ఏడ్చాయి,
ఆమె రెప్ప వాల్చింది.
పదకొండు పేజీలూ ఆ రెప్ప కిందకి పోయాయి.
ఊచకి కొత్త పెయింటు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి.
నవలలో "దారిన ఎవరో బుట్టతో పోతున్నారు" అని ఉంది.
కెమెరాకి 'ఎవరో' అనడం రాదు,
ఎవరినో ఒకరిని నడిపించాలి.
ఆ నడిచినావిడకి ఎడమ మోకాలు నొప్పి.
తీసినవాళ్ళకి తెలుసో లేదో, తెర దాచలేకపోయింది.

బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని
నేను చిందులు తొక్కాను. అది లేదు, ఇది లేదు, ఆ ఉత్తరమేదీ.
అమ్మ ఉల్లిపాయ ముక్కలు ఏరుకుని తింటూ
"నేరేడుపండు రంగు" అంది. అంతే.

ఆ వారం క్యారేజీ ఇవ్వడానికి షెడ్డుకి వెళ్తే
ఐసు నీళ్ళలో ముప్పై చేతులు,
సినిమాకి రాలేనోళ్ళకి అమ్మ కథ చెబుతోంది.
మూడో రోజుకి కిటికీ దాకా వచ్చింది.
"నిలబడ్డాది. నేరేడుపండు రంగు సీర.
ఏటి ఆలోసిస్తన్నాదో ఎరికేనా?"
చేతులు ఆగాయి.
కుంచెడు బియ్యం శనివారం దాకా సరిపోతాయా అని,
ఎవరి మీదా అలగడానికి కూడా ఓపిక లేదని,
పారాదీప్ వైపు వెళ్ళిన బోటు పంతొమ్మిది రోజులైనా రాలేదని,
దాని రేడియోలో గాలి ఒక్కటే పలుకుతోందని.

ఆ బోటు పుస్తకంలో లేదు.
సినిమాలోనూ లేదు.
మా ఇంట్లో ఉంది.

కాసులమ్మ మోచేత్తో ముక్కు తుడుచుకుంది.
సూపర్‌వైజర్ అరిచాడు.
ఆ పూట తూకం ఆరు కిలోలు తగ్గింది, అందరి కూలీలోనూ కోత పడింది.
ఎవరూ కథని తిట్టలేదు.

చాలా ఏళ్ళకి ద్వారకానగర్ లైబ్రరీలో
అదే నవల దొరికింది, ఆఖరి పేజీతో సహా.
నిలబడే చదివాను. ఆమె కిటికీ మూసి లోపలికి వెళ్ళింది.
రంగు చెప్పలేదు. చెప్పకపోయినా నేరేడు రంగే కనబడింది,
గోకినా పోలేదు.

అమ్మా, ఆఖరి పేజీ చదివాను, అన్నాను ఇంటికొచ్చి.
చేటలో రాళ్ళు ఏరుతున్న వేళ్ళు ఆగాయి.
నా వైపు చూడకుండా అడిగింది:
"బోటొచ్చినాదని రాసినాడా?"

రాశాడమ్మా, అన్నాను.

"ఏ రంగు బోటు?"